ఉప్పందించిన వాళ్లు

లండన్
ఆదివారం రాత్రి

ప్రియమైన రఘూ,

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు లండన్ మీద వదిలిన రాకెట్ల గురించి మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు నేను సరిగా జవాబు చెప్పలేదు. పక్కన మనవరాలు ఏడుస్తోంది, నువ్వేమో మందులు వేసుకునే వేళయిందని పెట్టేశావు. "అంత ముందుగా తెలిసినవాళ్లు ఆ రాకెట్లను ఎందుకు ఆపలేకపోయారురా?" అన్నావు. మూడు రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు. ఇది ఫోనులో తెగే సంగతి కాదు. అందుకే కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. ఉత్తరం పొడుగవుతుంది. భోజనం చేసి, తీరిగ్గా చదువు.

అమ్మాయి ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో చిజిక్ అనే పేట ఉంది. అందులో స్టేవ్‌లీ రోడ్డు. రెండు వైపులా చెర్రీ చెట్లు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ముందు చిన్న చిన్న పూలమడులు. ఒక విద్యుత్ సబ్‌స్టేషన్ పక్కన చిన్న రాయి ఉంది. లండన్ మీద పడిన మొదటి వి-2 రాకెట్ 1944 సెప్టెంబరు 8 సాయంత్రం 6.43కు అక్కడే పడింది. 63 ఏళ్ల ఆవిడ, మూడేళ్ల పసిపాప, సెలవు మీద వచ్చిన ఒక సైనికుడు పోయారు. సైరన్ మోగలేదు. మోగే వీలు కూడా లేదు. ధ్వనిని మించిన వేగంతో వచ్చే వస్తువు కదా, ముందు పేలింది, అది ఆకాశంలో వస్తున్న చప్పుడు ఆ తరువాత వినిపించింది. గ్యాసు గొట్టం పేలిందని ఊళ్లో చెప్పుకున్నారు. చర్చిల్ పార్లమెంటులో నోరు విప్పింది నవంబరు 10న. నేను ఆ రాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎదురింటి తలుపు తీసుకుని ఒక కుర్రవాడు సైకిలు మీద బడికి వెళ్లిపోయాడు.

అలాంటి ఆయుధాలు తయారవుతున్నాయని లండన్‌కు మొదటి కబురు అందింది 1939 నవంబరులో. అంటే దాదాపు అయిదేళ్ల ముందు. అసలు కథ అక్కడ మొదలుపెట్టాలి.

నార్వే రాజధాని ఓస్లోలోని బ్రిటిష్ రాయబార కార్యాలయానికి అప్పట్లో ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. జర్మనీలో కొత్తగా జరుగుతున్న ప్రయోగాల గురించి మీకు చెబుతాను, కావాలంటే మీ రేడియో జర్మన్ ప్రసారం మొదట్లో పలికే మాటలను కొద్దిగా మార్చండి, నాకు అర్థమవుతుంది, అని అందులో ఉంది. మాట మార్చారు. వెంటనే రెండో కాగితాల కట్ట వచ్చింది, దానితో పాటు గాజు గొట్టం ఒకటి. రాడార్లు, దూరం నుంచి నడిపే బాంబులు, రాకెట్లు, బాల్టిక్ తీరంలోని పేనెముండె అనే చోటు, అన్నీ ఆ కాగితాల్లో ఉన్నాయి. ఆ గాజు గొట్టం, విమానం దగ్గరకు రాగానే తనంతట తాను పేలే ఫిరంగి గుండు కోసం తయారు చేస్తున్న పరికరంలోది.

రాసిన మనిషి హాన్స్ ఫెర్డినాండ్ మేయర్. సీమెన్స్ సంస్థ బెర్లిన్ ప్రయోగశాలకు డైరెక్టర్. పని మీద ఓస్లో వచ్చి, బ్రిస్టల్ హోటల్లో దిగి, అక్కడే ఒక టైపు మిషన్ అడిగి తీసుకుని, నవంబరు 1, 2 తేదీల్లో గదిలో కూర్చుని కొట్టాడు. ఊహించుకో. ఒక్కో అక్షరం టకటకమని మోగుతుంటే పక్క గదిలో ఎవరున్నారో తెలియదు. ఎవరూ అడగలేదు, పైసా తీసుకోలేదు, సంతకం పెట్టలేదు. తన దేశం చేస్తున్నది తప్పని నమ్మాడు, చెప్పాడు, తిరిగి బెర్లిన్ వెళ్లి మామూలుగా ఉద్యోగం చేసుకున్నాడు.

లండన్‌లో పెద్దలు ఆ కాగితాలను పెడచెవిన పెట్టారు. ఒక్క మనిషికి ఇన్ని రహస్యాలు ఎలా తెలుస్తాయి, ఇది మనల్ని దారి తప్పించడానికి శత్రువు వేసిన ఎర అన్నారు. కొన్ని కార్యాలయాల్లో ఆ ప్రతులను పారేశారు కూడా. ఒక్కడే దాచుకున్నాడు. పేరు ఆర్.వి. జోన్స్, వైమానిక శాఖలో సైన్సు గూఢచర్యం చూసే భౌతికశాస్త్రవేత్త, అప్పటికి 28 ఏళ్లు. అతను వేసుకున్న లెక్క నువ్వు తరగతిలో పిల్లలకు నేర్పే లెక్కే రఘూ. ఉత్తరంలో తనిఖీ చేయడానికి వీలైనవి ఎన్ని? వాటిలో నిజమని తేలినవి ఎన్ని? తేలినవన్నీ నిజమైతే, తేలనివాటిని కొట్టిపారేసే హక్కు మనకు ఎక్కడిది? యుద్ధం సాగుతున్న కొద్దీ ఒక్కో వాక్యం నిజమవుతూ వచ్చింది. తీరిక దొరికినప్పుడల్లా, తరువాత రాబోయేది ఏమిటా అని అతను ఆ కాగితాలే తిరగేసేవాడట.

తరువాతి కబురు శత్రువుల నోటి నుంచే వచ్చింది. లండన్‌కు ఉత్తరాన ట్రెంట్ పార్క్ అనే భవంతిలో పట్టుబడ్డ జర్మన్ సేనానులను ఉంచారు. మంచి గదులు, మంచి తిండి, పచ్చని తోట. గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ ఇంట్లో నిజంగానే గోడల్లో మైకులు పెట్టారు. కింది గదుల్లో వాటిని వింటూ కూర్చున్నవారిలో చాలామంది హిట్లర్ బారి నుంచి తప్పించుకుని వచ్చిన యూదులు. 1943 మార్చి 22న ఫాన్ థోమా అనే సేనాని తన తోటి బందీతో మాట్లాడుతూ, రాకెట్ల ప్రయోగం ఒకటి చూశానని, వచ్చే ఏడు చూడండి తమాషా అని అక్కడి అధికారి తనతో అన్నాడని చెప్పాడు. మనం లండన్ దగ్గరే ఉన్నాం, ఇంకా ఒక్క పేలుడూ వినబడలేదంటే ఆ పని ముందుకు సాగినట్లు లేదు, అని కూడా అన్నాడు. ఆ మాట పొల్లు పోకుండా పైకి చేరింది. ఏప్రిల్లో చర్చిల్ తన అల్లుడు డంకన్ శాండిస్‌ను ఈ విషయం తేల్చమని నియమించాడు.

ఇక విమానాలు పేనెముండె మీదకు వెళ్లి ఫోటోలు తీయడం మొదలుపెట్టాయి. వాటిని మెడ్మెన్‌హామ్ అనే చోట ఒక పెద్ద బంగళాలో చదివేవారు. అవును, చదివేవారు. ఒకే చోటును కొద్ది తేడాతో తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, రెండు కళ్లకూ రెండు అద్దాలున్న చిన్న పరికరంతో చూస్తే, చదునుగా ఉన్న నేల ఒక్కసారిగా పైకి లేస్తుంది. చెట్టుకు ఎత్తు వస్తుంది, గోతికి లోతు వస్తుంది. మన చిన్నప్పుడు తిరునాళ్లలో తాజ్‌మహల్ బొమ్మలు చూపించే పెట్టె గుర్తుందా? దాదాపు అదే సూత్రం. 1943 జూన్ 12న తీసిన ఫోటోను జోన్స్ స్వయంగా చూస్తుంటే, ఒక రైలు బండి మీద తెల్లగా, పొడుగ్గా పడి ఉన్న వస్తువు కంటబడింది. సుమారు 35 అడుగులు. వెనుక రెక్కలు. నెలల తరబడి కాగితాల్లో మాటగా ఉన్నది అక్కడ ఎండలో పడి ఉంది.

దాన్ని చూసి కూడా నమ్మనివాడు ఒకడున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. లార్డ్ చెర్వెల్, చర్చిల్‌కు సైన్సు సలహాదారు, ఆక్స్‌ఫర్డ్‌లో జోన్స్‌కు గురువు. తెలివితక్కువవాడు కాదు. కానీ బ్రిటిష్ నిపుణులకు తెలిసిన రాకెట్ మందుగుండు కూరినది. ఆ లెక్కన అంత దూరం వెళ్లాలంటే రాకెట్ 60, 80 టన్నులు తూగాలి. అంత బరువైనది ఎగరడం కల్ల, కాబట్టి ఆ తెల్ల వస్తువులు మనల్ని మోసగించడానికి పెట్టిన డొల్ల బొమ్మలు అన్నాడాయన. జర్మన్లు ఆల్కహాల్‌ను, ద్రవరూపంలోని ఆక్సిజన్‌ను కలిపి మండిస్తున్నారు. అసలు రాకెట్ 13 టన్నులు కూడా లేదు. నాకు తెలియని దారి ఇంకొకటి ఉండవచ్చు అన్న ఒక్క అనుమానం ఆ పెద్దమనిషికి వచ్చి ఉంటే ఎన్ని నెలలు కలిసివచ్చేవో!

1943 జూన్ 29 రాత్రి మంత్రివర్గ రక్షణ సంఘం కూర్చుంది. గురువు ఒక వైపు, శిష్యుడు మరో వైపు. జోన్స్ దగ్గర ఉన్న ఆధారాల్లో నాకు బాగా నచ్చింది ఒక చిన్న సర్క్యులర్. పెట్రోలు కూపన్ల గురించి జర్మన్ వైమానిక దళం తన ప్రయోగ కేంద్రాలకు పంపిన మామూలు ఉత్తరువు. కేంద్రాల పేర్లు ప్రాముఖ్యాన్ని బట్టి వరుసగా రాశారు. పేనెముండె రెండోది! ఎవడో గుమాస్తా రాసుకున్న చిరునామాల పట్టికకు అబద్ధం చెప్పే అవసరం ఏముంటుంది? పైగా బొమ్మలు పెట్టి మనల్ని మోసం చేస్తే మనం ఏం చేస్తాం, ఆ చోటు మీద బాంబులు వేస్తాం. తమ ముఖ్యమైన కేంద్రం మీదకు బాంబులు తెచ్చుకునే మోసం ఎవరైనా చేస్తారా? చర్చిల్‌కు ఆ వాదన తలకెక్కింది. దాడికి నిర్ణయమైంది.

ఇప్పుడు నీకు జానీ రూసో గురించి చెప్పాలి. ఈవిడ కోసమే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టానేమో.

పారిస్ అమ్మాయి. చదువులో మొదటి స్థానం, జర్మన్ మాతృభాషలా మాట్లాడుతుంది. యుద్ధం మొదలయ్యేనాటికి 20 ఏళ్లు. తీరప్రాంతంలో జర్మన్ సైన్యానికి దుభాషిగా ఉంటూ విన్నవన్నీ చేరవేసిందని అనుమానించి 1941లో పట్టుకుని, ఆధారం దొరకక వదిలేశారు. ఇంకొకరైతే అంతటితో చాలించుకునేవారు. ఈమె పారిస్ వచ్చి, ఫ్రెంచి వ్యాపారుల తరఫున జర్మన్ అధికారులతో మాట్లాడే ఉద్యోగంలో చేరింది. విశ్వవిద్యాలయంలో తెలిసిన జార్జ్ లామార్క్ ఒకసారి రైల్లో కలిశాడు. ఫ్రాన్స్‌లో జర్మన్ ఆక్రమణకు ఎదురు తిరిగి రహస్యంగా పని చేస్తున్న 'అలయన్స్' అనే బృందం మనిషి. అతని కోసం పని చేయడానికి ఒప్పుకుంది. ఆమెకు పెట్టిన మారుపేరు 'ఆమ్నియారిక్స్'.

ఆమె తాళాలు పగలగొట్టలేదు, పెట్టెలు తెరవలేదు. జర్మన్ అధికారులు సాయంత్రాలు చేరి తాగుతూ మాట్లాడుకునేవారు. వాళ్లలో కొందరు కొత్త ఆయుధం పని మీద ఉన్నవారే. ఆమె కళ్లు పెద్దవి చేసి వినేది. "అంత దూరం వెళ్లే బాంబా? మీకు మతి పోయిందా? నేను నమ్మను" అనేది. ఆ 'నమ్మను' అన్న మాట వాళ్లకు తగిలేది. మగవాళ్లం కదా, ఒక అందమైన అమ్మాయి నమ్మనంటే నమ్మించేదాకా నిద్ర పట్టదు. చివరికి ఒకడు నిరూపించడానికి చిత్రాలే తెచ్చి చూపించాడు. ఆమెకు ఆ యంత్రాల సంగతులు సగం అర్థం కాలేదు. అర్థం కానిది అర్థం కానట్లే, ఒక్క మాట తన సొంతం కలపకుండా, లామార్క్ ఇంటికి వెళ్లి అక్షరం అక్షరం కాగితం మీద పెట్టింది. 1943లో ఆ నివేదిక లండన్ చేరింది. పేనెముండె ప్రయోగాలు, ఫ్రాన్స్ తీరం నుంచి బాంబులు వదలడానికి వాహ్‌టెల్ అనే కర్నల్ కింద తయారవుతున్న దళం, దాని నంబరు, అన్నీ ఉన్నాయి. దీన్ని పంపింది ఎవరని జోన్స్ ఆరా తీశాడు. తన తరంలో అందరికంటే విశిష్టురాలైన ఒక యువతి అని మాత్రమే జవాబు వచ్చింది. పేరు చెప్పలేదు.

ఆ ఏడాది ఆగస్టు 17 రాత్రి పేనెముండె మీదకు 596 విమానాలు వెళ్లాయి. 40 తిరిగి రాలేదు. రాకెట్ ఇంజన్ రూపొందించిన వాల్టర్ టీల్ కుటుంబంతో సహా చనిపోయాడు. కానీ రఘూ, గురి చూపించే దీపాలు మొదట కొన్ని దక్షిణంగా పడ్డాయి. అక్కడ ట్రాసెన్‌హైడె అనే శిబిరంలో పోలండ్ నుంచీ ఇతర దేశాల నుంచీ బలవంతంగా తెచ్చిన కూలీలు ముళ్లకంచె లోపల ఉన్నారు. వందలమంది పోయారు. పేనెముండె గుట్టు బయటికి చేరవేసినవాళ్లు ఆ శిబిరంలోనూ ఉన్నారు. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి ఆడడం లేదు. ఆ తరువాత రాకెట్ల తయారీని నార్డ్‌హౌజెన్ దగ్గర కొండ కిందికి, సొరంగాల్లోకి మార్చారు. అక్కడి డోరా బందీ శిబిరంలో సుమారు 60,000 మందిని పెట్టారు, 20,000 మంది దాకా చచ్చిపోయారు. వి-2 పడి పోయినవాళ్ల కంటే దాన్ని తయారు చేస్తూ పోయినవాళ్లే ఎక్కువ. స్టేవ్‌లీ రోడ్డు రాయి దగ్గర నిలబడినప్పుడు నాకు ఆ సొరంగాలే కళ్లలో మెదిలాయి.

వి-1 గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. అది పేలుడు పదార్థం నింపి వదిలే, పైలట్ లేని చిన్న విమానం. మిషెల్ ఒలార్ అనే ఫ్రెంచాయన కట్టడం పనివాళ్లలో కలిసిపోయి, చెట్ల మధ్య పోసిన కాంక్రీటు దారిని దిక్సూచితో చూసి, అది సరిగ్గా లండన్ వైపు తిరిగి ఉందని పసిగట్టాడు. మెడ్మెన్‌హామ్‌లో కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ అనే యువతి పేనెముండె ఫోటోలో చుక్కంత ఉన్న ఆ విమానాన్ని, ఆ తరువాత దాన్ని పైకి వదిలే వాలు పట్టాల మీదే పట్టుకుంది. ఆ కట్టడాల మీద బాంబులు కురిపించారు. అయినా 1944 జూన్ 13న మొదటివి లండన్ చేరాయి. చివరికి వాటిని బాగా కూల్చింది ఏమిటో తెలుసా? లక్ష్యం దగ్గరకు రాగానే తనంతట తాను పేలే ఫిరంగి గుండు. బ్రిటిష్, అమెరికా వాళ్లు తమ దారిలో తయారు చేసుకున్నదే అది. కానీ ఆ ఊహ 1939లో ఓస్లో పొట్లంలోని గాజు గొట్టంలో ఉంది.

ఇక పోలండ్. 1944 మే 20న ప్రయోగంగా వదిలిన ఒక వి-2 పేలకుండా బూగ్ నది ఒడ్డున, సార్నాకి దగ్గర బురదలో పడింది. పోలండ్ రహస్య సైన్యం మనుషులు జర్మన్ల కంటే ముందు చేరి, దాన్ని కనబడకుండా దాచారు. వెతికి వెతికి జర్మన్లు వెళ్లిపోయాక, రాత్రిపూట గుర్రాలతో బయటికి లాగి, ఒక కొట్టంలో విడదీశారు. విమానాల ఇంజనీరు ఆంటొనీ కోచాన్, వార్సాలోని ఆచార్యులు ఒక్కో ముక్కనూ పరీక్షించారు. ఆ నివేదికతో, ముఖ్యమైన భాగాలతో కోచాన్ లండన్ వెళ్లాలి. ఈలోగా పట్టుబడ్డాడు. బదులుగా యెజీ హ్మియెలెవ్‌స్కీ బయలుదేరాడు.

జూలై 25 రాత్రి ఇటలీ నుంచి ఒక డకోటా విమానం వచ్చి టార్నూవ్ దగ్గర పొలంలో దిగింది. జర్మన్ దళాలు చాలా దగ్గర్లోనే ఉన్నాయి. సంచులు ఎక్కించారు, మనుషులు ఎక్కారు, ఇంజన్లు గర్జించాయి. విమానం కదలలేదు. వానకు నానిన నేలలో చక్రాలు దిగబడిపోయాయి. నువ్వూ నేనూ పొలం గట్టు మీద ఎద్దుబండి దిగబడితే ఎంత అవస్థ పడేవాళ్లమో గుర్తు చేసుకో. ఇక్కడ దిగబడింది విమానం, చీకట్లో, ఇంజన్ల చప్పుడు ఊరంతా వినబడుతుండగా. బ్రేకులు పట్టుకున్నాయేమోనని వాటి గొట్టాలు కోసేశారు. అయినా లాభం లేదు. దించిన సామాను మళ్లీ ఎక్కించారు. చేతులతో మట్టి తవ్వారు, పలకలు తెచ్చి చక్రాల కింద పరిచారు. విమానాన్ని తగలబెట్టి పారిపోదామనే దాకా వచ్చింది. చివరి ప్రయత్నంలో అది బురద చిమ్ముకుంటూ లేచింది. లండన్ చేరిన హ్మియెలెవ్‌స్కీ, తన వాళ్ల ఆజ్ఞ లేనిదే సంచి ఎవరికీ ఇవ్వనని పట్టుబట్టాడు. అతన్ని తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

ఇప్పుడు నీ ప్రశ్న. ఆపలేకపోయారు, నిజమే. వి-2కు పెద్ద కట్టడం అక్కర్లేదు. లారీ మీద తెచ్చి, అడవి దారిలో నిలబెట్టి, వదిలి, కొద్ది గంటల్లో వెళ్లిపోవచ్చు. గాలిలోకి లేచాక దాన్ని అడ్డుకునేది అప్పట్లో ఏదీ లేదు. అది లేచే నేలను పట్టుకోవడం ఒక్కటే దారి, అందుకు 1945 మార్చి దాకా పట్టింది. ఈ లోగా బ్రిటన్‌లో 2,700 మందికి పైగా పోయారు. మరి తెలిసి ఏం లాభం అంటావు. 1943లో నిపుణులు భయపడింది 10 టన్నుల పేలుడు పదార్థం మోసే రాకెట్ గురించి. ఊరంతా ఖాళీ చేయించే ఆలోచనలు సాగాయి. పోలండ్ నుంచి వచ్చిన సంగతులు, స్వీడన్‌లో పడిన మరో రాకెట్ శకలాలు కలిపి చూశాక, అది మోసేది ఒక టన్నేనని 1944 ఆగస్టు నాటికి తేలింది. లండన్ నిలబడింది. ఎంత దెబ్బకు ఓర్చుకోవాలో ముందే తెలియడం చిన్న సంగతి కాదు రఘూ.

విశాఖ మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డప్పుడు, ఏం జరుగుతోందో తెలియక జనం మూటలు కట్టుకుని పల్లెలకు పరుగెత్తిన సంగతి మీ అమ్మగారు చెప్పేవారు కదా. ఆ తెలియకపోవడం ఎంత భయంకరమో ఆవిడ గొంతులో ఉండేది.

వాళ్లంతా ఏమయ్యారో కూడా రాస్తేనే నాకు మనసు కుదుటపడుతుంది. కోచాన్‌ను 1944 ఆగస్టు 13న వార్సాలో కాల్చి చంపారు. లామార్క్‌ను ఆ ఏడాదే జర్మన్లు చంపేశారు. ఒలార్ బందీ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు. జానీ రూసోను ఇంగ్లండ్‌కు తప్పించబోతుండగా 1944 ఏప్రిల్లో బ్రిటనీ తీరంలో పట్టుకున్నారు. రావెన్స్‌బ్రూక్ శిబిరంలో పెట్టారు. అక్కడి నుంచి ఆయుధాల కర్మాగారానికి పంపితే, మేం మీకు ఆయుధాలు చేయం అని ఎదురు తిరిగింది. ఎముకల గూడై బతికి బయటపడింది. తరువాత దశాబ్దాల పాటు దీని గురించి దాదాపు మౌనంగానే ఉంది. 2017లో, 98 ఏళ్ల వయసులో పోయింది.

మేయర్‌ను 1943లో నాజీలు పట్టుకున్నారు. ఓస్లో ఉత్తరం కోసం కాదు, విదేశీ రేడియో విన్నందుకు! ఆ ఉత్తరం సంగతి వాళ్లకు ఎప్పటికీ తెలియలేదు. శిబిరాల నుంచి బతికి బయటపడ్డాడు. ఆ ఉత్తరం ఎవరిదో జోన్స్‌కు తెలిసింది 1950లలో. తానూ తన భార్యా బతికుండగా బయటపెట్టవద్దని మేయర్ కోరాడు. జోన్స్ ఆ మాట నిలబెట్టుకుని 1989లోనే చెప్పాడు. అప్పటికి మేయర్ పోయి తొమ్మిదేళ్లు.

వచ్చే శనివారం ఇంపీరియల్ వార్ మ్యూజియంకు వెళుతున్నాం. అక్కడ ఒక వి-2ను నిలబెట్టి ఉంచారు. దగ్గరగా ఫోటోలు తీసి పంపిస్తాను, నీ తరగతి పిల్లలకు చూపించు. నువ్వూ ఒక పని చేసిపెట్టు. మీ అమ్మగారు విశాఖ బాంబుల గురించి చెప్పినవి నీకు గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాయి. ఏ వీధిలో ఉండేవారు, ఎవరి బండిలో వెళ్లారు, వెంట ఏం తీసుకెళ్లారు, అన్నీ. చెల్లెమ్మను అడిగినట్లు చెప్పు. మోకాలి నొప్పికి నూనె మానవద్దను.

నీ
శేషు